గుండె వార్డులో కిడ్నీల కాపలా

మా తమ్ముడి కూతురు దివ్యకి మొన్న విజయవాడలో గుండె ఆపరేషన్ల ఐసీయూలో నర్సు ఉద్యోగం వచ్చింది. స్వీట్ల డబ్బా పట్టుకుని నూజివీడులో మా ఇంటికొచ్చి, "అత్తా, నువ్వు ముప్పై ఏళ్ళు ఆ పనే చేశావు కదా, అసలక్కడ ముఖ్యంగా చెయ్యాల్సిందేంటి?" అని అడిగింది.

"ఉచ్చ కొలవడం," అన్నాను.

పిల్ల చేతిలో లడ్డూ నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. నేను వేళాకోళమాడుతున్నాననుకుంది. "గుండె వార్డు అత్తా, గుండె వార్డు!" అంది, నాకు చెవుడొచ్చిందేమో అన్నట్టు. గుండె వార్డేనే తల్లీ, నాకు తెలుసు. ఆ వార్డులో మానిటర్లు కూస్తాయి, వెంటిలేటర్లు బుసకొడతాయి, అందరి కళ్ళూ వాటిమీదే ఉంటాయి. మంచం కింద చప్పుడు చెయ్యకుండా వేలాడే సంచిని మాత్రం ఎవరూ చూడరు. దాన్ని చూడటం రావడానికే నాకు పదేళ్ళు పట్టింది.

దివ్యకి ఆ పూట చెప్పింది చాలదనిపించి ఇది రాస్తున్నాను. నాకెప్పుడు ప్రమోషన్ ఇచ్చారు, ఎవరు ఆపారు అనే గోల ఇందులో ఉండదు. అది రాస్తే నా బీపీ పెరుగుతుంది, మీకు ఒరిగేదేం లేదు. చదివే పిల్లలకి ఒక్క మనవి. నేను కొంచెం గట్టిగా మాట్లాడతాను, మొహం ముడుచుకోకండి.

మంచం కిందికి వంగే డాక్టరుగారు

నేను చేరినప్పుడు మా సర్జన్‌ని అందరూ పెద్ద డాక్టరుగారు అనేవాళ్ళు. పొద్దున్న రౌండ్స్‌కి వస్తే ముందు పేషెంటు మొహం చూసేవారు కాదు, మానిటరూ చూసేవారు కాదు. నడుం పట్టుకుని మంచం కిందికి వంగి యూరిన్ సంచి చూసేవారు. ఆ సంచికి పైన గీతలున్న చిన్న ప్లాస్టిక్ పెట్టె ఒకటుంటుంది. గంటగంటకీ అందులోకి ఎన్ని మిల్లీలీటర్లు దిగిందో చూసి, చార్టులో రాసి, కింద సంచిలోకి వదలాలి. అరవై కిలోల మనిషైతే గంటకి ముప్పై అయినా రావాలి. ఇంత పెద్ద సర్జన్ ఇదేం పాడలవాటు అని మొదట్లో నాకు చిరాకేసేది.

చేరిన ఏడాదే ఒక తప్పు చేశాను. మధ్యాహ్నం పూట పక్క మంచం మీద మనిషికి రక్తం కారుతుంటే అందరం అక్కడే ఉన్నాం. నా పేషెంటు సంచి రెండు గంటలు చూళ్ళేదు. తీరిక దొరికాక, అంతకుముందు గంట నలభై ఉంది కదా అని, ఆ రెండు గళ్ళలోనూ నలభై, నలభై అని రాసేశాను.

సాయంత్రం ఆయన చార్టు చూసి నన్ను పిలిచారు. కేకలెయ్యలేదు. వేసినా బాగుండేది.

"మూడు గంటలూ నలభయ్యేనా అమ్మా? ఇంత క్రమశిక్షణ ఉన్న కిడ్నీని నేనింకా చూళ్ళేదు," అన్నారు.

బిక్కచచ్చిపోయాను. చూళ్ళేదండీ అని ఒప్పుకున్నాను.

"చూడకపోతే గడి ఖాళీగా వదిలెయ్. ఖాళీ చూస్తే నేను జాగ్రత్త పడతాను. నీ నలభై చూస్తే నేను ఇంటికెళ్ళి అన్నం తింటాను. ఆ లోపల ఆ మనిషికి ఏమవుతుందో ఆలోచించుకో," అని వెళ్ళిపోయారు.

ఆ పేషెంటుకి ఏమీ కాలేదు, అది నా అదృష్టం. ఆ తరవాత నా చార్టులో ఖాళీ గళ్ళున్నాయి కానీ కల్పించి రాసిన అంకె ఒక్కటీ లేదు. చదివినవాళ్ళు నమ్మినా నమ్మకపోయినా అది నిజం.

గుప్పెడంత కండ

ఆయన ఎందుకు వంగేవారో తెలియాలంటే ఆపరేషన్ సంగతి కొంచెం చెప్పాలి. బైపాస్‌లో గుండెని కాసేపు ఆపేస్తారు. రక్తాన్ని గొట్టాల్లోంచి బయటికి తీసి, యంత్రంలో తిప్పి, మళ్ళీ ఒంట్లోకి పంపిస్తారు. ఆ యంత్రమే ఆ కాసేపూ గుండె, ఊపిరితిత్తులూ. నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చూసినప్పుడల్లా ఒళ్ళు జలదరించేది. గుండె కదలకుండా పడుకుని ఉంటుంది, మనిషి మాత్రం బతికే ఉంటాడు.

అయితే యంత్రం ఎంత మంచిదైనా అది గుండె కాదు. ఆ రక్తప్రవాహంలో తేడా ముందు తెలిసేది కిడ్నీలకి. గుండె కొట్టే రక్తంలో అయిదో వంతు ఆ రెండిటికే వెళుతుంది. రోజుకి నూట ఎనభై లీటర్లు వడకట్టి, పనికొచ్చేదంతా ఏరి మళ్ళీ ఒంట్లోకి పంపేసి, లీటరున్నర మాత్రం బయటికొదులుతాయి. పుట్టిన దగ్గర్నుంచీ పోయేదాకా ఒక్క పూట సెలవు లేదు. గుప్పెడంత కండ! మొదటిసారి ఈ లెక్క విన్నప్పుడు మా కిడ్నీ డాక్టరు మేడం చేత రెండోసారి చెప్పించుకున్నాను.

దెబ్బ తగిలితే గుండె నొప్పి పెట్టి ఊరంతా తెలిసేలా చేస్తుంది. కిడ్నీ కిక్కురుమనదు. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. మనిషి బాగానే మాట్లాడతాడు, ఇడ్లీ కావాలంటాడు. సంచిలో గీత ఒక్కటే కిందికి దిగుతుంది. దాన్ని చూసే మనిషి మీరు. మీరు చూడకపోతే ఇంకెవరూ చూడరు.

కోత మేస్త్రి గంగయ్య

గంగయ్యది విస్సన్నపేట దగ్గర పల్లె. వయసు యాభై ఎనిమిది. మామిడి తోటల్లో కోత మేస్త్రి. ఏ చెట్టు ఎప్పుడు కొయ్యాలో, ఏ కాయకి ముచిక, అదే తొడిమ, ఎంత ఉంచాలో చెప్పే మనిషి. కింద పాతిక మంది కూలీలు. మంచి కోతల కాలంలో, తోటలోనే గుండె పట్టుకుని కూలబడ్డాడు. యాంజియోగ్రామ్ తీస్తే మూడు నాళాలు మూసుకుపోయి ఉన్నాయి. ఆగడానికి లేదు, నాలుగో రోజున ఆపరేషన్ పెట్టారు.

ముందు రోజు సూది గుచ్చడానికి చెయ్యి పట్టుకుంటే ముంజేతి నిండా నల్లటి మచ్చలు. మామిడి సొన పడి కాలిన మచ్చలు నాకు కొత్త కాదు. మా అమ్మ నూజివీడు మామిడి షెడ్లలో కాయలేరే పని చేసేది, ఆవిడ చేతులూ ఇలాగే ఉండేవి.

"కోతలకెళ్తావా బాబాయ్?" అన్నాను.

"సొన చూసి కనిపెట్టేశావే! మీదేవూరమ్మా?"

"నూజివీడు."

"ఇంకేం, మనోళ్ళే. వీరీ, ఈ సిస్టరమ్మ మనోళ్ళంట!" అని పక్కనున్న పెళ్ళాం వీరమ్మకి చెప్పి మురిసిపోయాడు.

ఆపరేషన్‌కి ముందు అడిగే ప్రశ్నలు అడిగాను. షుగరుందా, ఆస్తమా ఉందా, ఏమైనా మందులు వాడుతున్నావా. "అబ్బే, నాకు మందుల అలవాటే లేదమ్మా," అన్నాడు. లేవు అని రాసుకున్నాను.

ఆపరేషన్ బాగానే జరిగింది, గుండె మళ్ళీ బాగానే కొట్టుకుంది. యంత్రం మీంచి తప్పించేటప్పుడు మాత్రం బీపీ కాసేపు బాగా పడిపోయిందని థియేటర్ నుంచి చెప్పారు. సాయంత్రం సంచిలో గంటకి అరవై, యాభై. మర్నాడు పొద్దున్న డ్యూటీకి వచ్చేసరికి పదిహేను. తరవాత గంట పది. ఆ తరవాత అయిదు.

గొట్టం మడతపడిందేమో చూశాను. సెలైన్‌తో కడిగాను. మందులతో బీపీ పెంచారు, ద్రవాలిచ్చారు, ఉచ్చ తెప్పించే ఇంజక్షన్ ఇచ్చారు. మధ్యాహ్నానికి ఆ గీతల పెట్టె పొడిగా ఉంది. గంగయ్య మాత్రం కళ్ళు తెరిచి, "బాగానే ఉందమ్మా, ఇంటికెప్పుడు పంపిత్తారు?" అంటున్నాడు.

చిన్న తెల్ల బిళ్ళ

మా కిడ్నీ డాక్టరు సుజాత మేడం. సన్నగా, పొట్టిగా ఉంటారు, చీర కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని పరుగులాంటి నడక నడుస్తారు. గంగయ్య చార్టంతా చదివి వీరమ్మని పిలిచారు. మందుల మాటే ఎత్తలేదు.

"మీ ఆయనకి మోకాళ్ళ నొప్పులొస్తే ఏం వేసుకుంటాడమ్మా?"

"అదా అండీ? చిన్న తెల్ల బిళ్ళండి," అంది వీరమ్మ వెంటనే. "కోతల్లో పొద్దున్నోటి, సాయంత్రవోటి. ఈ ఏడు కాపెక్కువండి, మధ్యాన్నం కూడా ఏసుకున్నాడు. జేబులోనే ఉంటయ్యండి. మా గుంపులో అందరూ ఏసుకుంటారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "మరి మందులేం వాడలేదన్నాడేంటి?"

వీరమ్మ నన్ను వింతగా చూసింది. "మందులంటే జబ్బుకి కదమ్మా. ఇది పనికి."

నేనా ఊళ్ళ మధ్యే పుట్టాను. మా అమ్మ కూడా నడుం నొప్పికి బిళ్ళ వేసుకునే షెడ్డుకెళ్ళేది, ఆవిణ్ణడిగినా మందుల్లేవనే చెప్పేది. ఆ సంగతి తెలిసిన నేను, పుస్తకంలో ఉన్న ప్రశ్న అడిగి, చెప్పింది రాసుకుని ఊరుకున్నాను.

మేడం ఆ బిళ్ళనొక్కదాన్నే నిందించలేదు. "యాంజియోగ్రామ్‌కి ఎక్కించిన రంగు, నెల్లాళ్ళుగా కిడ్నీకి రక్తం తగ్గించే ఈ నొప్పి బిళ్ళలు, ఆపరేషన్, పడిపోయిన బీపీ. అన్నీ కలిసి ఒకేసారి మీద పడ్డాయి. ఒక్కోటైతే తట్టుకునేవేమో," అన్నారు. ముందే తెలిసుంటే ఆపరేషన్ ఆపేవారా అంటే, ఆగే గుండె కాదది. జాగ్రత్త మాత్రం ఇంకోలా ఉండేది. పిల్లలూ, ఆ రోజు నుంచీ నేను మందులు వాడుతున్నావా అని ఎవర్నీ అడగలేదు. మోకాలు నొప్పొస్తే ఏం చేస్తావు, పని ఎక్కువైతే ఏం వేసుకుంటావు, జేబులో ఏముంది చూపించు, ఇలా అడిగేదాన్ని. ఎన్ని జేబుల్లోంచి ఎన్ని బిళ్ళలు బయటపడ్డాయో!

మూడో రోజున మెడలో గొట్టం పెట్టి డయాలసిస్ మొదలెట్టారు. రోజు విడిచి రోజు. నీళ్ళు కొలిచి ఇవ్వడం, పళ్ళు, పళ్ళరసాలు బంద్. చుక్క రానప్పుడు గొట్టం ఉంచితే ఇన్ఫెక్షన్ వస్తుందని యూరిన్ సంచి కూడా తీసేశారు. మంచం కింద ఏమీ లేకుండా చూడటం నా వల్ల కాలేదు. రోజుకి నాలుగుసార్లు అలవాటుగా వంగేదాన్ని.

నేను పెట్టనిచ్చిన పండు

ఏడో రోజుకి గంగయ్యని ఐసీయూ పక్కనున్న గదిలోకి మార్చారు. మర్నాడు డయాలసిస్ లేని రోజు. మార్చిన రోజు సాయంత్రమే విజిటర్లొచ్చే టైముకి నాంచారమ్మ వచ్చింది. కోత గుంపులో అందరికంటే పెద్ద ఆవిడ. విస్సన్నపేట నుంచి బస్సులో నిలబడి వచ్చింది. కొంగుముడి విప్పితే లోపల ఒకే ఒక్క చిన్న రసం పండు. గదంతా వాసన.

మా వైపు గుంపుల్లో ఒక పద్ధతుంది. చెట్టుమీదే పండిన తొలి పండు మేస్త్రి తినాలి. తిని సరే అనాలి. అప్పటిదాకా కూలీలెవరూ ఆ తోట పండు నోట పెట్టరు. అది గంగయ్య కొయ్యాల్సిన తోటలో పండిన పండు.

"పిల్లలు కూడా ముట్టలేదమ్మా," అంది నాంచారమ్మ. "మేస్త్రి లేస్తాడో లేవడో అని అందరికీ బెంగగా ఉంది. ఇది తిన్నాడంటే మాకు ధైర్యం. ఒక్క పండే కదా తల్లీ."

గంగయ్య ఆ పండు వంక చూస్తూ కూర్చున్నాడు. వారం రోజులుగా అన్నం సహించక, దాహం తీరక, పెదాలు బీటలు వారిన మనిషి. పండులో పొటాషియం ఉంటుందనీ, ఆగిన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవనీ నాకు తెలియక కాదు. పొద్దున్నే రిపోర్టులో కొంచెం ఎక్కువుంది, ఎల్లుండి డయాలసిస్ మిషనుంది కదా అనుకున్నాను. మా అమ్మ గుర్తొచ్చింది. "ఒక్కటే. పీల్చేసి టెంక పారెయ్," అన్నాను.

అతను ఆ పండు మెత్తగా పిసికి, ముచిక తుంచి, కళ్ళు మూసుకుని పీల్చాడు. "సరే," అన్నాడు. నాంచారమ్మ ఏడ్చింది. నాకూ కళ్ళు తడయ్యాయి. గొప్ప పుణ్యం చేసినట్టు ఇంటికెళ్ళాను. సిగ్గులేకపోతే సరి!

మర్నాడు నాకు సెలవు. ఆ పై రోజు పొద్దున్న తొమ్మిదింటికి గదిలోకి అడుగు పెట్టగానే, "కాళ్ళు బరువుగా ఉన్నయ్యమ్మా, ఎత్తలేకపోతన్నా," అన్నాడు గంగయ్య. తలెత్తి మానిటర్ చూశాను. గుండె గీతలో ప్రతి కొట్టుడు వెనకా వచ్చే చిన్న గుట్ట సూదిలా నిక్కపొడుచుకుని ఉంది. గుండె నిమిషానికి ముప్పై ఎనిమిది కొడుతోంది. మంచం పక్క బల్ల మీద స్టీలు ఫ్లాస్కు కనిపించింది. మూత తీశాను. మామిడి రసం. బల్ల కింద రెండు కొబ్బరిబోండాలు.

పిల్లలూ, ఇది మర్చిపోకండి. థియేటర్లో గుండెని ఆపడానికి వాడే మందులో అసలు సరుకు పొటాషియమే. మామిడిలోనూ కొబ్బరినీళ్ళలోనూ ఉన్నది అదే. కిడ్నీలు పనిచేసే మనిషికి అది బలం. పనిచెయ్యని మనిషికి గుండె ఆగిపోయే పదార్థం.

"మేడమ్‌ని పిలవండి!" అని నేను పెట్టిన కేకకి వార్డంతా హడలిపోయింది. సుజాత మేడం పరుగెత్తుకొచ్చారు. కాల్షియం ఇంజక్షన్ నెమ్మదిగా నరంలోకి ఇస్తున్నాను, ఆవిడ మానిటర్ చూస్తున్నారు. మొదట ఏమీ లేదు. ఇంకో నిమిషం. అప్పుడు ఆ సూది మొన కొంచెం వంగింది. ఇంకొంచెం. నా కళ్ళ ముందే దిగి దిగి మళ్ళీ చిన్న గుట్టయింది. నలభై, యాభై రెండు, అరవై. చారెడు మందు ఒక మనిషి గుండెని అంచు మీంచి వెనక్కి లాగింది. అది అప్పటికి నేను పుస్తకంలో చదివిన విషయమే. కళ్ళతో చూశాక నోరెళ్ళబెట్టాను. ఆ వెంటనే ఇన్సులిన్, గ్లూకోజు ఎక్కించి డయాలసిస్ మిషనుకి తగిలించారు.

"ఎవరు పెట్టారివన్నీ?" అన్నారు మేడం, ఫ్లాస్కు చూసి.

వీరమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. "తాగొచ్చనుకున్నానండీ... దాహం దాహం అంటంటే... కొబ్బరినీళ్ళు తాగితే ఉచ్చ బాగా అవుద్దంటారు కదండీ..."

నేను మేడమ్‌ని వరండాలోకి తీసుకెళ్ళాను. "మొదటి పండు నేనే పెట్టనిచ్చానండీ," అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పకపోతే నేను ఆవిణ్ణి తిట్టేదాన్ని. మొగుణ్ణి చేజేతులా చంపబోయానని ఆవిడ జన్మంతా కుమిలేది. వెళ్ళి నువ్వే చెప్పు. పండులో ఏముందో చెప్పు. తప్పు నీదని కూడా చెప్పు."

చెప్పాను. అంత కష్టమైన మాట నేను నా ఉద్యోగంలో ఇంకెవరికీ చెప్పలేదు. వీరమ్మ అంతా విని, కొంగుతో మొహం తుడుచుకుంది. "మనూరి పిల్లవి. పండు చూసి కాదనలేకపోయావు. నేనూ అంతేగా," అంది. తిట్టి ఉంటే తేలికయ్యేది.

నర్సు చేసిన సడలింపుకి కొలత ఉండదు. మీరు ఒక్కటి అంటారు. ఇంట్లోవాళ్ళకి అది తలుపు తీసినట్టు. మీ ఊరివాళ్ళే పేషెంట్లుగా వస్తే ఇంకో రెండింతలు జాగ్రత్తగా ఉండండి. నేను దయ అనుకున్నది చదువుకున్న మనిషి చూపిన అలసత్వం, అంతే.

తెలీదు అనే మాట

"ఇంకెప్పటికీ ఇంతేనా అమ్మా?" వీరమ్మ రోజూ పొద్దున్నే అడిగేది ఇదొక్కటే. మిషను శాశ్వతమైతే వారానికి మూడుసార్లు విస్సన్నపేట నుంచి విజయవాడ రావాలి. తోట, గుంపు, మేస్త్రిగిరీ అన్నీ అక్కడితో సరి. గంగయ్యకీ అర్థమైంది. పదమూడో రోజున మిషను దగ్గరికి రానని మొండికేశాడు.

"నన్ను తోటలో దింపెయ్యండి. చెట్టుకింద పోతాను. ఇదీ ఒక బతుకేనా?"

"చెట్టుకింద పోతావా? ఎవరి చెట్టుకింద? ఆ తోట రైతు ఒప్పుకోవద్దూ?" అని గట్టిగా అరిచాను. "నీ కిడ్నీలు చచ్చాయని నీకెవరు చెప్పారు? డాక్టరుకే తెలియనిది నీకు తెలిసిందా? లే!"

లేచాడు. కానీ నాకు మాత్రం ఏం తెలుసు? మేడమ్‌ని అడిగితే, "తెలీదమ్మా," అన్నారు. ఎంత చదివిన మనిషి! ఆ మాట అంత సూటిగా అన్నందుకు ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది. కిడ్నీలో వెంట్రుకకన్నా సన్నటి గొట్టాలు లక్షలున్నాయట. వాటి లోపలి పొర రాలిపోయి గొట్టాలు పూడుకుపోయాయి. మిగిలిన నాలుగు కణాలూ పక్కకి పాకి, ఒక్కోటీ రెండుగా చీలి, మళ్ళీ పొరంతా కప్పాలి. "దానికి మందు లేదు. అవే చేసుకోవాలి. అవి చేసుకునేదాకా మనిషిని బతికించి ఉంచడమే మన పని," అన్నారు.

అందరికీ తిరిగి రావు, అబద్ధం చెప్పను. మా నూజివీడు బజారులో షాపున్న ఒకాయనకి ఇలాగే ఆగి, ఇక రాలేదు. నాలుగేళ్ళు మిషను మీద బతికి పోయాడు. ఆయనకీ ఇంతే చేశాం, ఇంతే జాగ్రత్తగా చేశాం. ఒకరికి ఎందుకొస్తాయో, ఇంకొకరికి ఎందుకు రావో నాకు ఇప్పటికీ తెలియదు.

పదిహేడో రోజు

పొద్దున్న పదకొండైంది. గంగయ్య మెడ దగ్గర గొట్టానికి కట్టు మారుస్తున్నాను. మనిషి ఊరికే కదులుతున్నాడు. కాళ్ళు దగ్గరికి లాక్కుంటున్నాడు.

"కదలకు బాబాయ్."

"వీరీ," అన్నాడు పెళ్ళాం వంక తిరిగి, "సిస్టరమ్మని కాస్త బయటికెళ్ళమను."

"ఎందుకయ్యా?"

గొంతు తగ్గించాడు. "ఒంటికొత్తన్నట్టుంది."

చేతిలో ప్లాస్టర్ ముక్క అలాగే ఉండిపోయింది. రెండు వారాల పైగా అతని నోట రాని మాట. "ఏంటీ?" అన్నాను. "ఒంటికమ్మా, ఒంటికి!" అని విసుక్కున్నాడు.

కట్టు అతికించి, చెరో చెయ్యీ పట్టుకుని బాత్రూమ్ దాకా నడిపించాం. చేతికి గీతలున్న ప్లాస్టిక్ జగ్గు ఇచ్చి తలుపు దగ్గరగా వేశాను. అప్పుడే రౌండ్స్‌కి వచ్చిన సుజాత మేడం గుమ్మంలో ఆగి ఏంటన్నట్టు చూశారు. నేను నోటిమీద వేలు పెట్టుకుని తలుపు చూపించాను. ఆవిడ వచ్చి మా పక్కనే నిలబడ్డారు. ముగ్గురు ఆడవాళ్ళం బాత్రూమ్ తలుపు ముందు ఊపిరి బిగబట్టి.

ఏమీ లేదు. నిమిషం గడిచింది. రెండు.

"మీరందరూ అక్కడ నిలబడితే నాకెట్టా వస్తదమ్మా!" అని లోపల్నుంచి కేక.

గబగబా నాలుగడుగులు వెనక్కేశాం. వీరమ్మ నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు విరిగిపోయేలా పట్టుకుంది.

అప్పుడు ప్లాస్టిక్ మీద టప్ మని ఒక చుక్క. ఆగింది. ఇంకో రెండు. మళ్ళీ ఆగింది. తరవాత సన్నగా, తెగకుండా, ధార చప్పుడు.

ఎంతమంది గుండెలు మళ్ళీ కొట్టుకోవడం నేను చూశాను! ఏ గుండె చప్పుడూ నన్ను అలా కుదిపెయ్యలేదు. లోపల, ఎవరూ చూడని చోట, ఎవరూ చెప్పకుండా, ఆ రాలిపోయిన పొర తనంతట తనే కప్పుకుంది. పదిహేడు రోజులూ మేం దిగులుపడుతుంటే అది పని చేసుకుంటూనే ఉంది.

గంగయ్య తప్పు చేసినవాడిలా తలొంచుకుని బయటికొచ్చాడు. "ఇంతేనమ్మా," అన్నాడు జగ్గు చాపి. టీ డికాషన్ రంగులో, అడుగున కాస్త. మేడం జగ్గుని రెండు చేతులా తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళి వెలుగులో పెట్టి చూశారు. "ఎనభై," అన్నారు. "వచ్చేసింది. ఇక పెరుగుతుంది."

పెరిగింది. వారం తిరక్కుండా రోజుకి మూడు లీటర్లు దాటింది. మెడలో గొట్టం తీసేశారు, మిషనుతో పని తీరింది. కానీ అదంతా తరవాతి మాట. ఆ పూట చేతిలో ఉన్నది ఎనభయ్యే.

మేడం జగ్గు బల్లమీద పెట్టారు. వీరమ్మ దగ్గరికొచ్చి దాన్ని ఎత్తి, రెండు కళ్ళకీ అద్దుకుంది. ఇన్ఫెక్షన్ అనీ, చేతులు కడుక్కోమనీ ఎవర్నైనా కసిరే మనిషిని నేను. ఆవిడ పక్కనే నిలబడి, నాకూ కన్నీళ్ళు కారుతుంటే, ఏమీ అనలేదు.